నేరేడు డ్రమ్ములో లచ్చి తెడ్డు

కరోనా ఆ తండాలో ఒక్కొక్కరి దగ్గర ఒక్కోటి పట్టుకుపోయింది. లచ్చి దగ్గర ముక్కు పట్టుకుపోయింది. ముక్కంటే అసలు ముక్కు కాదు, అది భద్రంగానే ఉంది, దాని ముక్కుపుల్లా ఉంది. పోయింది వాసన. జ్వరం తగ్గి లేచిన రోజు పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంతా పొగ కమ్మితే, పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చి చెబితే గాని ఆమెకు తెలియలేదు. తొర్రూరు డాక్టరు మెల్లగా అదే వస్తుందిలే అన్నాడు. ఏళ్లు గడిచాయి, అది మాత్రం రాలేదు. లచ్చి కూడా దాని కోసం ఎదురుచూడటం మానేసింది.

ఇది ముందే చెప్పడం ఎందుకంటే, ఆ ముక్కు గనక పనిచేసి ఉంటే ఈ కథే లేదు. ఒకప్పుడు కొడకండ్ల చుట్టుపక్కల తండాల్లో లచ్చి ముక్కుకున్న పేరు అంతా ఇంతా కాదు. గుడుంబా కాచే రోజుల్లో ఎవరింట్లో బెల్లం పానకం పులిసిందో, ఎవరిది ఇంకా ఆగాలో తన వాకిట్లో కూర్చునే చెప్పేది. మగడు పోయాక కూతురు జమునను, కొడుకు నరేశ్‌ను ఆ గుడుంబా మీదే సాకింది. ఆ పని చేస్తూ దొరికింది, జైలుకు పోయింది, వచ్చి మళ్లీ కాచింది, మళ్లీ దొరికింది. అందులో గొప్ప లేదు, సిగ్గూ లేదు. పిల్లలు తిన్నారు, అంతే.

తర్వాత తండా మారింది. తాగి తాగి మగవాళ్లు వరసగా పోతుంటే ఆడవాళ్లంతా సేవాలాల్ గుడి ముందు భోగ్ హోమం వెలిగించి, కాచం, అమ్మం, నోట పెట్టం అని ఒట్టేశారు. ఒట్టు వేయించింది తండా పెద్ద, నాయక్ మంగ్యా. దేవుడికి ఒట్టు సరిపోయింది గాని సర్కారుకు సరిపోలేదు. పాత కేసులున్న వాళ్లను తహసీల్దార్ దగ్గరికి పిలిచి, మళ్లీ ఇంట్లో అట్లాంటిది దొరికితే జైలుకు పోతామని వేలిముద్రలు వేయించుకున్నారు. దాన్ని బైండోవర్ అంటారు. లచ్చికి ఇంగ్లీషు రాదు గాని ఆ ఒక్క మాట మాత్రం నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా చెబుతుంది.

అప్పట్నుంచి జీపు చప్పుడు వింటే చాలు, ఆమెకు కాళ్లల్లో వణుకు. పాలవ్యానుకు కూడా వణికేది. పండక్కి పాయసం వండాలన్నా కొట్లో అర కిలో కంటే ఎక్కువ బెల్లం అడిగేది కాదు, ఎవరేం అనుకుంటారోనని. కొట్టువాడు ఒకసారి కిలో తీసుకో అవ్వా అంటే వాడిని ఆ వారమంతా అనుమానంగా చూసింది.

అట్లాంటి ఇంట్లో డ్రమ్ము నిండా పులిసే రసం ఎట్లా వచ్చి కూర్చుందో చెప్పాలంటే నరేశ్ దగ్గరికి రావాలి.

నరేశ్ హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో పని చేసేవాడు. అక్కడ గిరాకీల ఎదుటే బీరు తయారుచేసి పోస్తారు. స్టీలు ట్యాంకులు కడిగే పనిలో చేరి, ఏ ట్యాంకు ఎప్పుడు తెరవాలో చూసుకునే దాకా ఎదిగాడు. పైవాళ్లు ఇష్టపడి నేర్పారు, వీడు ఇష్టపడి నేర్చుకున్నాడు. తండాకు వస్తే ఇంకేం మాట్లాడేవాడు కాదు, ట్యాంకుల మాటే. ఒకరోజు పొద్దున పనికి పోయేసరికి హోటలు షట్టర్ కిందికి ఉంది. యజమానులు ఫోన్లెత్తలేదు. ఇంకో రెండుచోట్ల తిరిగాడు, చదువెంత అని అడిగారు. ఉగాది దాటాక ఒక బ్యాగుతో ఇంటికొచ్చి, మంచమెక్కి, గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు.

అలసిపోయాడు, పడుకోనీ అనుకుంది లచ్చి. పడుకున్నవాడు లేవలేదు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. మాట్లాడితే ఊ అనేవాడు. పొద్దున లేపితే కళ్లు తెరిచి, తల్లిని చూసి, మళ్లీ గోడ దిక్కు తిరిగేవాడు. పక్క తండాలో అదే వయసు పిల్లవాడు పత్తికి కొట్టే మందు తాగాడు, వానకాలం ముందే. ఆ సంగతి తెలిసిన నాడు లచ్చి తన కొట్టంలో ఉన్న మందు డబ్బాలన్నీ గంపకెత్తి మంగ్యా ఇంట్లో పెట్టొచ్చింది. ఎందుకని మంగ్యా అడగలేదు. ఆ తర్వాత ప్రతి పొద్దూ కొడుకు ఛాతీ పైకీ కిందికీ ఆడుతోందా అని చూసి గాని ఆమె పొయ్యి ముట్టించలేదు. భయమంటే ఏమిటో ఆమెకు పోలీసులు నేర్పిన దానికంటే కొడుకు ఎక్కువ నేర్పాడు.

మృగశిర వచ్చాక జమున, ఆమె మగడు శివాజీ భూపాలపల్లి నుంచి చూడ్డానికి వచ్చారు. వాళ్ల ఊరు అడవి అంచునే. అత్తగారింటికి ఉత్త చేతులతో ఏం పోతామని శివాజీ ఒక పెద్ద డబ్బా నిండా అడవి తేనె తెచ్చాడు. నల్లగా, చిక్కగా ఉంది. అదే రోజుల్లో కుంట గట్టు మీది నేరేడు చెట్లు విరగకాసి, కింద నడిస్తే కాళ్లు ఊదా రంగయ్యేలా రాలుతున్నాయి. జమున కొంగు నిండా ఏరుకొచ్చి తమ్ముడి మంచం మీద పోసింది. నరేశ్ ఒకటి నోట్లో వేసుకున్నాడు. కాసేపటికి లేచి కూర్చున్నాడు. ఇంకా కాసేపటికి తేనె డబ్బా మూత తీసి వేలు ముంచి నాకాడు. ఆ తర్వాత, లచ్చి కళ్ల ముందే, బకెట్ పట్టుకుని చెప్పులు వేసుకుని కుంట దిక్కు నడిచిపోయాడు.

లచ్చి వాకిట్లో నిలబడి వాడి వీపు కనిపించినంత దూరం చూసింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. అల్లుడు చూస్తున్నాడని కూడా పట్టించుకోలేదు.

వాడు ఆ వారమంతా ఆగలేదు. జనగామ పోయి నీలం డ్రమ్ము తెచ్చాడు, కడిగాడు, ఎండబెట్టాడు, మళ్లీ కడిగాడు. నీళ్లు కాచి చల్లార్చాడు. నేరేడు పిసికి గింజలు తీసి, తేనె కలిపి, డ్రమ్ములో పోసి మూత బిగించి, మూతకు చిల్లు చేసి అందులో సెలైన్ పైపు దూర్చి, దాని రెండో కొసను నీళ్ల సీసాలో ముంచాడు. అదంతా కొట్టంలో పెట్టాడు. ఏందిరా అది అంటే పండ్ల రసం, ఒంటికి మంచిది అన్నాడు. లచ్చి నమ్మింది. నమ్మకపోవడానికి ముక్కు లేదు కదా. ఆ కొట్టంలో మానుకోట దిక్కున్న లచ్చి తమ్ముడు ధర వచ్చాక అమ్ముకుందామని దాచుకున్న మిర్చి బస్తాలు వేరే ఉన్నాయి. వాటి ఘాటుకు ముక్కున్నవాళ్లే లోపల నిలబడలేరు.

కాని చెవులున్నాయి. మూడో నాడో నాలుగో నాడో మేకలకు ఆకు వేయడానికి కొట్టం పక్కగా పోతుంటే లోపల్నుంచి చప్పుడు వినిపించింది. నీళ్ల సీసాలో బుడుగు బుడుగుమని. లచ్చి ఆకు కట్ట దింపి చెవి ఒగ్గింది. ఆ చప్పుడు ఆమెకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? పానకం లేచేటప్పుడు కుండ పాడే పాటే అది.

ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీలోనే, తల్లిని పిలిచేది యాడీ అనే. ఆ రోజు ఇద్దరి మధ్య నడిచింది తెలుగులో చెప్పుకుంటే ఇట్లా ఉంటుంది.

"నరేశ్, గది సారా."

"సారా గాదు యాడీ. మీడ్ అంటరు. తేనె, పండు, నీళ్లు, గంతే. పొయ్యి మీద వెట్టేది లేదు, బట్టీ లేదు."

"నీ మీడో గీడో. తాగితే తల తిరుగుతదా, లేదా?"

నరేశ్ నేల చూశాడు. లచ్చి బైండోవర్ సంగతి మొత్తం మళ్లీ చెప్పింది. జీపు వస్తే వాళ్లకు బెల్లమేంది తేనేంది, డ్రమ్ము నా ఇంట్ల ఉన్నది, పోయేది నేను అని చెప్పింది. వాడు విన్నాడు. సరే, పారబోస్త అన్నాడు. అని లేచి, కొట్టంలోకి కాదు, ఇంట్లోకి పోయి మంచం మీద కూర్చున్నాడు. కాళ్లు పైకి తీసుకున్నాడు.

ఇంకో నిమిషం ఆగితే గోడ దిక్కు తిరిగేవాడు. లచ్చికి అది స్పష్టంగా కనిపించింది. జైలు గోడా కనిపించింది, ఈ గోడా కనిపించింది. ఎంచుకోవడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు.

"ఉండనీ," అంది. "ఎవ్వలకు చెప్పకు. ఎప్పుడు తీస్తవ్?"

తీజ్ పండక్కి అన్నాడు వాడు. అప్పటిదాకా మూత ముట్టొద్దని, గాలి తగలొద్దని, అట్లా ఉంటేనే బాగా వస్తుందని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు వాడి మొహంలో హైదరాబాదు నాటి వెలుగు వచ్చింది. లచ్చి ఆ వెలుగే చూసింది. మాట వినలేదు.

వినకపోవడం కాదు, విన్నది గాని నమ్మలేదు. మూత బిగించి, గాలి లేకుండా, కలపకుండా వదిలేస్తే ఏ పానకమైనా లేస్తుందా? ఇన్నేళ్లు కాచింది తనా, వాడా? వాడు ట్యాంకులు చూశాడు, నిజమే. ట్యాంకులకు మిషన్లుంటాయి, ఈ డ్రమ్ముకు ఏముంది? వాడు అంత ఆశపడి పెట్టుకుంటే అది చెడిపోతే ఏం గతి? ఎట్లాగూ తప్పు జరిగిపోయింది, ఆ జరిగేదేదో బాగా జరగాలి కదా అనుకుంది. ఈ లెక్క ఎవరికైనా చెబితే నవ్వుతారు. కాని తల్లుల లెక్కలు ఇట్లాగే ఉంటాయి.

మర్నాడు పొద్దున, తెల్లవారీ తెల్లవారకముందే, కొట్టం చూరులో ఇన్నేళ్లుగా దాచిన పాత తెడ్డు తీసింది. చింతకర్ర తెడ్డు. దాని కొస గుడుంబా నాళ్లలోనే నల్లబడిపోయింది. మూత విప్పి, అడుగు నుంచి పైకి బాగా కలిపింది. కాచే రోజుల్లో కలిపినప్పుడల్లా మొదటి చుక్క పెద్దలకు నేల మీద చిలకరించే అలవాటు. పెద్దలకు పెట్టకపోతే పానకం లేవదని వాళ్ల నమ్మకం. అది కూడా చేసింది. నోట మాత్రం పెట్టలేదు. ఒట్టు ఒట్టే. కలపనని సేవాలాల్‌కు చెప్పలేదు, కాచనని, అమ్మనని, తాగనని చెప్పింది. ఆ మూడూ చేయడం లేదు. దేవుడితో ఈ బేరం ఆమె తన మనసులోనే మాట్లాడుకుని, తనే ఒప్పుకుంది.

కలిపాక వెంటనే మూత బిగించేది కూడా కాదు. జర గాలి పీల్చుకోనీ అని పలచటి గుడ్డ కప్పి, పొయ్యి ముట్టించి, చాయ్ పెట్టి, నరేశ్ కదిలే వేళకు పోయి మూత బిగించి, పైపు దూర్చి వచ్చేది. రోజూ ఇదే. చిన్న చిన్న దోమల్లాంటి పురుగులు డ్రమ్ము చుట్టూ ముసురుతుంటే, తీపి మంచిగా పట్టిందని సంతోషపడింది.

కొన్నాళ్లకు సీసాలో బుడగలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. ఇంత జల్దీ ఆగొద్దు కదా అని నరేశ్ పైపు దగ్గర కూర్చుని పరేషాన్ అయ్యాడు. వాడి పరేషాన్ చూసి లచ్చి మర్నాటి నుంచి ఇంకా ఎక్కువసేపు కలిపింది.

ఆ మధ్యలో ఇంట్లో మాత్రం మంచి రోజులే. నరేశ్ పొద్దున తనంతట తను లేవకపోయినా, లేపితే లేచేవాడు. మంగ్యా చేనులో కూలికి రెండు మూడు నాళ్లు పోయాడు కూడా. ఒకసారి కూరలో ఉప్పు తక్కువైందన్నాడు. ఉప్పు తక్కువైందని ఎవరైనా అంటే లచ్చికి ఒకప్పుడు ఒళ్లు మండేది. ఆ రోజు ఆ మాట విని ఆమె లోపలికి పోయి కళ్లు తుడుచుకుని ఉప్పు తెచ్చింది.

శ్రావణం వచ్చింది. తండాలో పెళ్లికాని పిల్లలంతా బుట్టల్లో గోధుమలు చల్లి, రోజూ పాడుతూ నీళ్లు పోస్తున్నారు. మొలకలు పచ్చగా లేచాయి. ఇక తీజ్ ముగింపుకు ఒక్క రోజుందనగా, పొద్దున్నే లచ్చి కొట్టంలో తెడ్డు తిప్పుతుంటే జీపు చప్పుడైంది.

పాలవ్యాను కాదు. పాలవ్యాను చప్పుడుకు వణికి వణికి దాన్ని ఆమె బాగా గుర్తుపట్టడం నేర్చుకుంది. ఇది వేరే. వెనకే మంగ్యా గొంతు వినిపించింది, గట్టిగా, అందరికీ వినబడేలా, రండి సార్, రండి మేడమ్, మా తండాల ఏం లేదు, మొత్తం చూసుకోండి అని. పండగల ముందు ఆబ్కారీ వాళ్లు తండాలన్నీ తిరిగి చూడటం మామూలే. మంగ్యాకు తెలియక తన తండాను చూసి ఛాతీ విరుచుకుంటున్నాడు.

లచ్చి తెడ్డు వదిలి డ్రమ్ముకు భుజం ఆనించి నెట్టింది. కదల్లేదు. ఇంకోసారి నెట్టింది. కొంచెం ఒరిగింది. ఇంకొంచెం నెడితే పడిపోతుంది, నేల తాగేస్తుంది, ఎవరూ ఏమీ చేయలేరు. అప్పుడు బయట మంచం కిర్రుమంది. నరేశ్ లేచాడు, ఎవరూ లేపకుండా. ఆ చప్పుడు విని లచ్చి చేతులు వాటంతట అవే డ్రమ్మును నిలబెట్టేశాయి. ఎందుకు నిలబెట్టిందో ఆమెకు తెలుసు. వాడు బకెట్ పట్టుకుని కుంట దిక్కు నడిచిన రోజు ఆమె కళ్ల ముందే ఉంది.

తలుపు తెరుచుకుంది. ముందు ఎస్సై వచ్చింది, చిన్న వయసు, కరుణ అని చొక్కా మీద పేరు. వెనక హెడ్ కానిస్టేబుల్ జగపతి. ఈ జగపతి లచ్చికి పాత చుట్టం లాంటివాడు. ఆమెను మొదటిసారి పట్టుకున్నదీ ఇతనే, రెండోసారి పట్టుకున్నదీ ఇతనే. ఇప్పుడు జుట్టు నెరిసి, బక్కచిక్కి ఉన్నాడు. డ్రమ్ము చూశాడు, సెలైన్ పైపు చూశాడు, నేల మీద పడ్డ తెడ్డు చూశాడు. ఆ తెడ్డును గుర్తుపట్టినట్టే ఉన్నాడు.

"లచ్చక్కా, గిదేంది మల్ల?" అన్నాడు. కోపంగా కాదు, బాధగా.

"నాదే," అంది లచ్చి. "నా కొడుక్కేం తెల్వది."

వెనకనుంచి నరేశ్ తోసుకుంటూ వచ్చాడు. "మేడమ్, నాది. నేను జేసిన. మా యాడికి సంబంధం లేదు."

"వానికి తెల్వదు మేడమ్, పిల్లగాడు. తెడ్డు ఎవ్వలిదో సారును అడుగు."

కేసు నాదంటే నాదని తల్లీకొడుకులు కొట్లాడుకుంటుంటే కరుణ కాసేపు చూస్తూ నిలబడింది. ఎవరి మీద కేసు రాయాలో తర్వాత తేల్చుదాం, ముందు ఇందులో ఏముందో చూడాలంది. నేరేడు, తేనె అని నరేశ్ చెబితే, కాచినా కాయకపోయినా, మత్తొచ్చేది ఇంట్లో చేస్తే మాకు కేసే తమ్ముడూ అంది. మంగ్యా తలుపు దగ్గర నిలబడి లచ్చి దిక్కు చూడలేక మొహం తిప్పుకున్నాడు. బయట పిల్లల పాట ఆగిపోయింది.

జగపతి డ్రమ్ములో స్టీలు గ్లాసు ముంచి పైకి లేపాడు. ముక్కు దగ్గరికి రాకముందే తల వెనక్కి తీశాడు. కళ్లల్లో నీళ్లు వచ్చాయి. మిర్చి ఘాటేమో అనుకుంది లచ్చి. అతను రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలించాడు. మొహమంతా ముడుచుకుపోయింది. ఇంకోసారి నాకాడు. ఇంకా ముడుచుకుంది. అప్పుడు నవ్వాడు.

"మేడమ్, గిది సారా గాదు. సిర్కా. నేరేడు సిర్కా."

వెనిగరా అంది కరుణ, నమ్మలేదు. తనే వాసన చూసి ఎగిరిపడింది. అడుగు నుంచి తీయించి చూసింది, మధ్యలోంచి తీయించి చూసింది. ఎక్కడ తీసినా ఒకటే పులుపు, పళ్లు గుంజే పులుపు. జగపతి ఆపకుండా చెబుతూనే ఉన్నాడు. తనకు షుగరుందట, నేరేడు సిర్కా మంచిదని ఎవరో చెబితే హన్మకొండలో ఒక యునానీ దుకాణం నుంచి తెచ్చుకుని రోజూ పొద్దున రెండు చెంచాలు తాగుతాడట, అయినా ఇంత చిక్కటి సిర్కా ఎన్నడూ నోట పడలేదట.

లచ్చికి ఏమీ అర్థం కాలేదు. సిర్కా అంటే తెలుసు, దవాఖాన పక్క దుకాణాల్లో అమ్ముతారు, పులుపు. తన డ్రమ్ములోకి అదెట్లా వచ్చింది? నరేశ్ గ్లాసు తీసుకుని తాగాడు. వాడి మొహం కూడా ముడుచుకుంది. తర్వాత వాడి చూపు నేల మీది తెడ్డు దగ్గరికి పోయింది. తెడ్డు తడిగా ఉంది.

"యాడీ, మూత తీసినవా?"

"తీసిన."

"ఎన్నిసార్లు?"

"రోజూ పొద్దుగాల్ల తీసిన. మంచిగ కలిపి, గుడ్డ గప్పి, చాయ్ తాగేదాక గాలికి వెట్టిన. నువ్వు కలుపుతలేవని, చెడిపోతదని..."

చెడగొట్టింది తనేనని అప్పుడు ఆమెకు తెలిసింది. గాలి తగిలితే తేనెరసం పులిసి ఆగదని, ఇంకా ముందుకు పోయి సిర్కా అయిపోతుందని, అందుకే వాడు పైపు పెట్టాడని కరుణకు నరేశ్ చెబుతుంటే వింది. జైలు తప్పిందన్న సంగతి ఆమెకు ఇంకా లోపలికి దిగలేదు. వాడి మొహమే చూస్తోంది. ఆ మొహం ఏ దిక్కు తిరుగుతుందో అని చూస్తోంది.

నరేశ్ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుంది. వాడు నవ్వుతున్నాడు. ముందు చప్పుడు లేకుండా, తర్వాత గోడకు చెయ్యి ఆనించుకుని, ఊపిరందనంతగా నవ్వాడు. వాణ్ని చూసి జగపతి, జగపతిని చూసి కరుణ, చివరికి తలుపు దగ్గర మంగ్యా కూడా నవ్వారు. బయట పిల్లలకు విషయం తెలియకపోయినా పాట మళ్లీ అందుకున్నారు. లచ్చి అప్పుడు అక్కడే మిర్చి బస్తా మీద కూలబడింది. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. తన ప్రాణం కాదు, అంతకంటే పెద్దది.

కరుణ పోయేముందు నరేశ్‌ను పక్కకు పిలిచి మెల్లగానే మాట్లాడింది. సిర్కా చేసుకుంటే తమకేం పని లేదు, వేరేది చేయాలనుంటే దానికి లైసెన్సులూ పద్ధతులూ వేరే ఉంటాయి, ఇంట్లో డ్రమ్ముల్లో కుదరదు, ఈసారి మీ అమ్మ తెడ్డు మిమ్మల్ని కాపాడింది, ఎప్పుడూ కాపాడదు అని చెప్పింది. నరేశ్ తలూపాడు. జగపతి ఒక సీసా అడగబోతే ఆమె ఊరుకోలేదు, కావాలంటే డ్యూటీ లేని రోజు వచ్చి కొనుక్కోమంది. జీపు కదిలి పోతుంటే లచ్చి వాకిట్లోకి వచ్చి నిలబడి, బైండోవర్ తర్వాత మొదటిసారి, అది మలుపు తిరిగేదాకా వణకకుండా చూసింది.

ఆ సాయంత్రం నరేశ్ ఉల్లిగడ్డ సన్నగా కోసి, ఉప్పు వేసి, ఆ సిర్కాలో నానబెట్టాడు. జొన్నరొట్టెలో పెట్టుకుని తిన్నాడు, ఇంకో రొట్టె అడిగాడు. లచ్చి గిన్నె దిక్కు చూస్తూ కూర్చుంది. ఇది సారా కాదు. సేవాలాల్‌కు ఇచ్చిన మాట దీనికి అడ్డం రాదు. ఒక ఉల్లిముక్క తీసి నోట్లో వేసుకుంది. పులుపు నాలుకను పట్టుకుని, దవడలు గుంజి, ముక్కులోకి ఎక్కింది. కళ్లల్లోంచి నీళ్లు జారాయి. ఆ నీళ్ల వెనక, ఎక్కడో దూరంగా, కుంట గట్టు మీది నేరేడు వాసన తగిలినట్టయింది. నిజంగా తగిలిందో, అనుకుందో ఆమెకే తెలియలేదు. ఇంకో ముక్క తీసుకుంది.

"నాదని ఎందుకు చెప్పినవ్ యాడీ, జైలుకు పోతనని తెలిసి?" అన్నాడు నరేశ్, గిన్నెలో చూస్తూ.

"నువ్వు మల్ల గోడ దిక్కు తిరుగుతవేమోనని," అంది లచ్చి. దాచడానికి ఏమీ లేదు కాబట్టి దాచలేదు.

నరేశ్ రొట్టె తినడం ముగించి, చెయ్యి కడుక్కుని, కొట్టంలోకి పోయాడు. పైపు లాగేసి, మూత తీసి పక్కన పెట్టి, డ్రమ్ము మీద పలచటి గుడ్డ కప్పి, దారంతో కట్టాడు. నేల మీది తెడ్డును కడిగి, చూరులో కాదు, చేతికందేలా తలుపు పక్కన నిలబెట్టాడు. తిరిగొచ్చి మంచం వాల్చుకుంటూ, సిర్కా బాగా రావాలంటే ఇంకొన్నాళ్లు గాలి తగలాలి, రోజూ కలపాలి, జనగామలో ఎవరైనా కొంటారేమో అడిగి చూస్తానన్నాడు. తర్వాత దుప్పటి లాక్కుంటూ ఇంకో మాటన్నాడు.

"పొద్దుగాల్ల కలపనీకి పోయేటప్పుడు నన్ను గూడ లేపు యాడీ."

లేపుతానంది లచ్చి.